అందరి ఇష్టమే నా ఇష్టం

"మీ ఇష్టం" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎంత మర్యాదైన మాట, దానిమీద ఇంత కోపమేంటి అంటారేమో. చెప్తాను.

నిరుడు తపస్సుకాలంలో, అంటే విభూది బుధవారం నుంచి ఈస్టరు, మా మాటలో పాస్కు పండగ దాకా మేం మాంసం ముట్టకుండా, శుక్రవారం శుక్రవారం సిలువమార్గం ప్రార్థన చేసే ఆ నలభై రోజుల్లో, మా అత్త ఆరోగ్యమ్మకు కాలు పోయింది. పోగొట్టింది షుగరు కాదు, గుచ్చుకున్న మేకూ కాదు. మేమే. నలుగురం కలిసి, ఒకళ్ళ మనసు ఒకళ్ళం నొప్పించకుండా, చాలా మెత్తగా మాట్లాడుకుంటూ పోగొట్టాం.

నేను మా ఊళ్ళో డ్వాక్రా సంఘాలకు యానిమేటర్ని. ఆడవాళ్ళను గుండ్రంగా కూర్చోబెట్టి మీటింగు పెట్టించడం, అందరూ అనుకున్నది తీర్మానం పుస్తకంలో రాయడం నా పని. దానికి నరసరావుపేటలో మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ట్రైనింగ్ మేడం చార్టు మీద పదిమంది బొమ్మలు గీసి చెప్పింది. గుంపులో ఒకరు అందరి తరఫునా మాట్లాడేస్తారు, ఇద్దరు తలూపుతారు, మిగతావాళ్ళు ఆ తలలు చూసి తామూ ఊపుతారు, చివరికి ఎవరికీ అక్కర్లేని తీర్మానం అందరి సంతకాలతో తయారవుతుంది, అందుకని నోరు తెరవనివాళ్ళనే ముందు అడగాలి అని. నాకది బాగా వంటబట్టింది. ఒకసారి మాబున్నీసా అనే సభ్యురాలు, తనని ఎవరూ అడగలేదని, అడగని తీర్మానానికి వేలిముద్ర వేయనని మొండికేసింది. అందరూ ఆమె మీద లేస్తే నేనే వెనకేసుకొచ్చి, రాసిన పేజీ కొట్టేసి మళ్ళీ మొదటినుంచి అడిగించాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి ఇంటికొచ్చి నోరు మూసుకుని పడుకునే రకం.

మా ఆయన ఇన్నయ్య ఇంటికి ఆఖరివాడు. మిరప వేస్తాడు. అత్త మా దగ్గరే ఉంటుంది. పెద్దవాడు శౌరి బావగారు నరసరావుపేటలో టీచరు. మధ్యలో లూర్దుమేరి వదిన, మాచర్లలో కాపురం. ముగ్గురికీ తల్లంటే ప్రాణం, అది నేను కాదనను. కానీ నేను కాపురానికొచ్చిన పదిహేడేళ్ళలో ఆ ఇంట్లో ఒక మనిషి ఇంకో మనిషి మొహం చూసి ఇది కావాలి, ఇది వద్దు అనడం వినలేదు. కూరేం చేయాలంటే మీ ఇష్టం. ఏ బస్సుకు వెళ్దామంటే మీ ఇష్టం. ఆరోగ్యమ్మ పిల్లలు పెద్దోళ్ళ ముందు నోరు మెదపరని ఊరంతా మెచ్చుకునేది. అత్త ఆ మెప్పుకు మురిసిపోయేది.

బావగారు 'పరిశుద్ధ కుటుంబం' అని వాట్సాప్ గ్రూపు పెట్టారు. పొద్దున్నే ఆయన ఒక బైబిలు వాక్యం పెడతారు, మేం ముగ్గురం దానికింద దండాల బొమ్మలు పెడతాం. అత్తది బటన్ ఫోను. ఆమె ఆ కుటుంబంలో లేదు.

మార్చిలో కల్లంలో మిరపకాయ ఆరబోశాం. అత్త రోజూ వెళ్ళి కాయ తిరగేసేది. అన్నం పెట్టే కాయను చెప్పులతో తొక్కకూడదని ఆమె పట్టుదల. షుగరుతో ఆమె పాదాలు మొద్దుబారి ఏళ్ళయింది. పట్టా గాలికి లేవకుండా కొట్టిన ఇనపమేకు బొటనవేలి కింద దిగినా ఆమెకు తెలియలేదు. గచ్చు మీద ఎర్రటి అడుగులు పడుతుంటే మేం చూసి చెప్పాం. వారం తిరిగేసరికి వేలు నల్లబడింది.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బావగారు స్కూలు నుంచి నేరుగా అక్కడికే వచ్చారు. డాక్టరు అత్తను మంచం మీదే ఉంచి మమ్మల్ని వరండాలోకి పిలిచాడు. వేలు చచ్చిపోయిందని, అది తీసేస్తే పాదం దక్కుతుందని, రెండు రోజులకు మించి ఆగొద్దని చెప్పాడు.

"అరగంట పని. రేపు పొద్దున్నే ఏం తినకుండా తీసుకురండి," అన్నాడు.

బావగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మా ఆయన బావగారి వైపు చూశాడు. నేను మా ఆయన వైపు చూశాను. మేరితో ఒక మాట అనుకుని చెప్తాం సార్ అన్నారు బావగారు. ఆయన భయం నాకు తెలుసు. మా మామయ్య ఆపరేషన్ బల్ల మీదే పోయాడు, ఆ కాగితం మీద సంతకం బావగారిది. ఏడోరోజు పూజ అయ్యాక లూర్దుమేరి వదిన అందరి ముందూ "సంతకం పెట్టింది నువ్వేగా" అందట. ఆ తర్వాత ఆ మనిషి పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద తప్ప దేనిమీదా సంతకం పెట్టలేదు.

ఆటోలో అత్త, డాక్టరేమన్నాడ్రా అని అడిగింది. మందులకు తగ్గుద్దంటమ్మా అన్నాడు మా ఆయన. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం గ్రూపు మోగడం మొదలైంది. అమ్మ విషయంలో అందరి అభిప్రాయమూ ముఖ్యం, నాదంటూ ఏమీ లేదు అని బావగారు. రేపటినుంచి తొమ్మిది రోజులు లూర్దుమాత నొవేనా ప్రార్థనలు మొదలుపెడుతున్నాను, ఆపైన అన్నయ్య ఎట్లంటే అట్లా అని వదిన. దానికింద ఆవిడ పెట్టిన కొవ్వొత్తులు పదో పన్నెండో. మా ఆయన ఏమీ రాయకుండా బొటనవేలు గుర్తు పెట్టాడు. అక్కడ తల్లికి బొటనవేలు కుళ్ళుతుంటే ఇక్కడ ఈయన బొటనవేలు లేపాడు. ఛీ అనుకున్నాను.

కాసేపటికి బావగారు ఓటింగ్ పెట్టారు. నిజం. క్లాసు లీడర్ని ఎన్నుకున్నట్టు. ఒకటి, వేలు తీయించడం. రెండు, నొవేనా అయ్యేదాకా ఆగడం. మూడు, అందరి ఇష్టమే నా ఇష్టం.

నేను ఒకటో దాని మీద వేలు పెట్టాను. దాని పక్కన నా పేరు ఒక్కటే కనపడింది. ఇంటి కోడలు ముందుపడి అత్త వేలు కోయమంది అన్నట్టుగా ఉంది. మళ్ళీ నొక్కి అది తీసేసి మూడో దాని మీద పెట్టాను. గంటలో ఓట్లన్నీ పడ్డాయి. నలుగురివీ మూడోదానికే. అందరం ఒకే మాట మీద ఉన్నందుకు దేవునికి స్తోత్రం అని రాశారు బావగారు.

మేమూ అత్తా ఉండేది పక్కపక్క గదుల్లో. నాదీ మా ఆయనదీ ఫోన్లు రెండూ ఒక్కసారే టింగుమంటుంటే మంచం మీదనుంచి అడిగింది.

"ఏందే, ఫోన్లు ఒకటే మోగుతున్నయ్యి. ఎవురన్నా పోయారా?"

"లేదమ్మా. అన్నయ్య వాక్యం పెట్టాడు," అన్నాడు మా ఆయన.

"ఏం వాక్యం?"

మా ఆయన ఫోను వంక చూశాడు. చివరికి "భయపడకుము" అన్నాడు. అత్త నుదుటి మీదా గుండె మీదా సిలువ గుర్తు వేసుకుంది. ఆ క్షణంలో ఆయన మీద ఎంత రోత పుట్టిందో, నా మీద నాకు అంతకు రెట్టింపు పుట్టింది.

ఆ తొమ్మిది రోజులూ తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. వదిన మాచర్ల నుంచి బస్సులో వచ్చి, దీవించిన నూనె తెచ్చి వేలికి రాసింది. వాసన రాకూడదని మల్లె అగరొత్తులు వెలిగించింది, దుప్పటి మీద సెంటు కొట్టింది. మల్లెపూల వాసనలో కుళ్ళు వాసన కలిస్తే ఎట్లా ఉంటుందో పగవాళ్ళకు కూడా తెలియకూడదు. రోజూ పొద్దున్నే మా ఆయన వేలు ఫోటో తీసి గ్రూపులో పెట్టేవాడు. దానికింద దండాలు, కొవ్వొత్తులు, ఒకరోజు గులాబీ పువ్వు కూడా. నల్లటి వేలు ఫోటో కింద గులాబీ పువ్వు పెట్టిన చెయ్యి ఎట్లాంటి చెయ్యో మరి. ఆదివారం బావగారు వచ్చి గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, కాస్త నయంగానే ఉన్నట్టుందే అన్నారు. మిగతా ఇద్దరూ అవునన్నారు. తర్వాత అందరూ కూర్చుని పప్పూ అన్నం తిన్నారు. వడ్డించింది నేనే.

నొవేనా ముగిసినా ఇక ఆసుపత్రికి పదండని ఎవరూ అనలేదు, నలుపు వేలు దాటి పాదం మీదికి పాకింది. మాబున్నీసా చూడ్డానికి వచ్చి అత్త పక్కన కాసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు వాకిట్లో ఆగింది.

"డాక్టరు చెప్పింది ఆమెకు చెప్పారా?" అంది.

నేనేమన్నానో తెలుసా. వాళ్ళు కన్నబిడ్డలు, వాళ్ళ ఇష్టం, నేను కోడల్ని అన్నాను. మాబున్నీసా నా మొహం వంక ఒకసారి చూసింది. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

పన్నెండో రోజు అత్తకు చలిజ్వరం వచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మాబున్నీసా పెనిమిటి చాంద్ బాషా ఆటోలో వేసుకుని పరుగెత్తాం. బావగారూ వదినా ఆసుపత్రికే వచ్చారు. డాక్టరు కట్టు విప్పి చూసి మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"వేలుకు రమ్మంటే కాలు తెచ్చారు. మోకాలి కింద దాకా తీసెయ్యాలి. గంటలో తీయకపోతే మనిషి దక్కదు," అన్నాడు.

ఈసారి మమ్మల్ని బయటికి పిలవలేదు. అత్త ఎదురుగానే అన్నాడు. ఆమె కళ్ళు తెరిచే ఉంది. డాక్టరు ఆమె మీదికి వంగి, ఏమ్మా, కాలు తీస్తే బతుకుతావు, తీయమంటావా అని అడిగాడు. అంతమందిమి ఉండి పన్నెండు రోజులుగా అడగని మాట, పేరు కూడా సరిగ్గా తెలియని మనిషి అడిగాడు. నేను ఆమె మొహం చూశాను. ఆమె ఒక్కొక్క బిడ్డ మొహమూ చూసింది.

"పిల్లల ఇష్టం బాబూ," అంది.

ఎక్కడినుంచి వచ్చిందో ఈ రోగం అనుకునేదాన్ని. ఇదిగో, ఇక్కడినుంచి.

నర్సు కాగితాలు తెచ్చింది. అత్త వేలిముద్ర వేయించుకుని, కింద బంధువుల సంతకం కావాలంది. బావగారు పెన్ను తీసుకున్నారు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు. తీశారు. కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. మేరీ, నువ్వేమంటావు అన్నారు. అన్నయ్యా, నీకంటే నాకు తెలుసా అంది వదిన. మా ఆయన గోడమీద ఉన్న క్యాలెండరు చూస్తున్నాడు. నర్సు కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది. నేను బావగారి చేతిలోనుంచి పెన్ను తీసుకుని సంతకం పెట్టాను. బంధుత్వం అన్నచోట కోడలు అని రాశాను. ముగ్గురూ ఒక్కసారే ఊపిరి వదలడం వినపడింది.

అత్తను లోపలికి తీసుకెళ్ళాక అసలు రోత మొదలైంది. బావగారు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు.

"నాకు మొదటిరోజే వేలు తీయిస్తే బాగుంటుందనిపించిందమ్మా. మేరి ఒప్పుకోదని ఊరుకున్నా."

పది నిమిషాలకు వదిన మంచినీళ్ళ కుళాయి దగ్గర నా చెయ్యి పట్టుకుంది. అన్నయ్యకు ఆపరేషనంటే భయం కదా, ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికని నొవేనా అన్నాను కానీ, నా మనసులో తీయించడమే ఉంది కీర్తనా అని ఏడ్చింది. మా ఆయన్ని నేనే అడిగాను. అన్నయ్య చెప్తే ఆ రోజే తీసుకొచ్చేవాణ్ణిగా అన్నాడు. నా సంగతి మీకు తెలుసు, నేను నొక్కి తీసేసినదాన్ని. అంటే నలుగురికి నలుగురం మొదటిరోజే వేలు తీయించాలనుకున్నాం. ఒక్కళ్ళు పైకి అని ఉంటే మిగతా ముగ్గురూ అమ్మయ్య అనుకుని ఊ కొట్టేవాళ్ళు. ఎవరికీ ఇష్టం లేని పనిని నలుగురి ఇష్టం చేసి, ఒక ముసలామె కాలు తెగ్గొట్టించాం. నిజం చెప్తున్నాను, ఆ కుళాయి దగ్గరే వాంతి చేసుకున్నాను. వదిన నా వీపు నిమిరి, పొద్దున్నుంచి ఏం తినలేదుగా అంది.

ఆపరేషనయ్యాక ఆసుపత్రి మనిషి ఒకతను పొడుగాటి మూటలాంటిది కవర్లో చుట్టి పట్టుకొచ్చాడు. కాలు మీరు తీసుకెళ్తారా, మమ్మల్నే తీసెయ్యమంటారా అని బావగారిని అడిగాడు.

"మీ ఇష్టం," అన్నారు బావగారు.

ఆ మూట నేను తీసుకున్నాను. ఇంత బరువుంటుందని అనుకోలేదు. అత్త దగ్గర వాళ్ళను ఉండమని చాంద్ బాషా ఆటో ఎక్కాను. అదేంటని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. అతను భుజం మీది తువ్వాలు తీసి దానిమీద కప్పాడు. దారిపొడుగునా గుంతల దగ్గర ఆటో నెమ్మది చేశాడు. కన్నబిడ్డలకు లేని మర్యాద అతను చూపించాడు.

మా వాళ్ళలో కాలూ చెయ్యీ తీసేస్తే పారెయ్యరు. సమాధుల తోటలో పెడతారు, ఆ మనిషి పోయినప్పుడు దాని పక్కనే పెడతారు. గుంట తవ్వే సామ్యేలుకు కబురు చేస్తే పార పట్టుకుని వచ్చాడు. మామయ్య సమాధికి ఏ పక్కన తవ్వమంటావమ్మా అని అడిగాడు. తెల్లవారుజామున లేచినదాన్ని, చేతులకు ఆ వాసన అంటుకుని ఉంది, ఎప్పుడు ఇంటికెళ్ళి నీళ్ళు పోసుకుంటానా అని ఉంది. నీ ఇష్టం సామ్యేలూ అన్నాను. నేల మెత్తగా ఉందని అతను కుడిపక్కన తవ్వాడు.

పాస్కుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు అత్త ఇంటికొచ్చింది. పాస్కు పండగనాడు చుట్టాలు, ఊళ్ళోవాళ్ళు వరస కట్టి చూడ్డానికి వచ్చారు. మోకాలి కింద ఖాళీగా పడి ఉన్న చీర చూసి అయ్యో అనేవాళ్ళు, ఇంత పనెట్లా జరిగిందని అడిగేవాళ్ళు. వదిన ప్రతి ఒక్కరికీ కాఫీ ఇస్తూ మెల్లిగా చెప్పింది, సంతకం మా మరదలు పెట్టిందమ్మా అని. అందులో అబద్ధం లేదు. బావగారు తల వంచుకుని కాఫీ తాగారు. మా ఆయన చూరు చూశాడు. మంచం మీద అత్తకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. ఆమె ఒక్క మాట అంటుందేమోనని నేను వంటింట్లో గిన్నె పట్టుకుని నిలబడి చెవులు రిక్కించాను. అనలేదు. గ్లాసులు కడిగాను. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్న ప్రతి మొహమూ నాకు అసహ్యంగా కనపడింది. అద్దంలో నాది కూడా.

మర్నాడు అందరూ వెళ్ళిపోయారు. మా ఆయన కాయ కోల్డ్ స్టోరేజీలో వేయడానికి వెళ్ళాడు. మధ్యాహ్నం అత్తకు అన్నం కలిపి ముద్దలు పెడుతున్నాను. మంచం అంచున కూర్చుని ఒక్కో ముద్దా నిదానంగా తింటోంది. మూడు ముద్దలు తిన్నాక అడిగింది.

"నా కాలేం జేశారే?"

అమ్మకు ఆ సంగతి చెప్పొద్దని, బాధపడుతుందని వదిన మా అందరి దగ్గరా మాట తీసుకుని ఉంది. ఆసుపత్రివాళ్ళే తీసేశారన్న అబద్ధం నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"సమాధుల తోటలో పెట్టించానత్తా. మామయ్య పక్కనే," అన్నాను.

ఏడుస్తుందేమో అనుకున్నాను. తలాడించింది. ఇంకో ముద్ద తింది.

"ఏ పక్కన?"

"కుడిపక్కన."

నమలడం ఆపింది. నోట్లో ముద్ద అట్లాగే ఉంది. కాసేపటికి మింగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మీ మామకు కుడి చెవి వినపడదు గదే. ఎద్దు కొమ్ము తగిలిన కాణ్ణుంచి వినపడదు. కాపురం జేసినన్నాళ్ళూ నేను ఎడం పక్కనే పడుకున్నా. ఏదన్నా చెప్పుకోవాలంటే ఆ పక్కనుంటేనే ఆయనకు వినపడేది."

నేను కాపురానికొచ్చేసరికే మామయ్య లేడు. ఆయన చెవి సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సామ్యేలు అడిగినప్పుడు నేనన్న మాట ఆమెకు చెప్పాను. దాచలేదు. నావల్లే తప్పయిందత్తా అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు, కిటికీలోనుంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడేం చేయమంటావో నువ్వు చెప్పు," అన్నాను.

"పిల్లల..." అంది. ఆగింది. గుమ్మం వైపు చూసింది, ఎవరన్నా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. నేను ముద్ద పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ఈసారి ఆమె చెప్పేదాకా లేవదలుచుకోలేదు.

"నాకు ఆ పక్క వద్దు. తవ్వించి ఎడం పక్కన పెట్టించు. ఎవురినీ అడగమాక."

మట్టిలో పెట్టి నెల కావస్తున్న కాలు. తవ్వితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. చేతిలో ముద్ద ఆమె నోట్లో పెట్టి, కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని సామ్యేలుకు ఫోను చేశాను.